పెదనాయన పోసిన చెంబెడు నీళ్లు

ఎండంటే పసుపు రంగేనని నేను గట్టిగా నమ్మిన రోజులవి. బొమ్మల కోర్సు అప్పుడే పూర్తిచేసి, తాండూరులో మా పెదనాయన నాపరాళ్ల దుకాణంలో ఈగలు తోలుతున్నాను. వికారాబాద్‌లో ఒక బడికి డ్రాయింగ్ టీచర్ కావాలని, బజారు బొమ్మ ఒకటి వేసి తెమ్మని కబురొచ్చింది. ఆ ఉద్యోగం రాకపోతే నేను దుకాణంలోనే కూర్చుని బిల్లులు రాయాలని ఇంట్లో తీర్మానమైపోయింది. బిల్లులంటేనే నాకు జ్వరమొచ్చేది.

దుకాణం ముందరి బజారునే నీటిరంగుల్లో వేశాను. గోడకు ఆనించిన రాళ్లు, బషీరాబాద్ ఆటో, దాని నీడలో నిలబడ్డ జనం (అందులో ఒకావిడ ముక్కు ఎంతకీ కుదరక కొంగు కప్పేశాను). అన్నీ వచ్చాయి, ఎండ తప్ప. మిట్టమధ్యాహ్నం వేస్తే ముసురు పట్టినట్టుంది. బయల్దేరాల్సిన పొద్దున కంగారుపడి, కాగితం తెల్లగా ఉన్నచోటల్లా పసుపు దట్టంగా పూసేశాను. ఎండ రాలేదు సరికదా, బజారు మొత్తానికి కామెర్లు వచ్చాయి. ఏడుపొక్కటే తక్కువ. బొమ్మను రాళ్ల పక్కన ఆరబెట్టి, చీర కట్టుకోవడానికి లోపలికి వెళ్లాను.

మా దగ్గర గిరాకీకి రాయి అసలు రంగు చూపించాలంటే దానిమీద చెంబెడు నీళ్లు పోస్తారు. పెదనాయన జీవితమంతా చేసిన పని అదే. ఆ పొద్దున వచ్చిన గిరాకీ ఎవరో నా బొమ్మ చూసి జర డల్లుగా ఉందన్నాడట. ఇక ఆయన చెయ్యి ఊరుకుంటుందా? నేను బయటికొచ్చేసరికి బొమ్మ మీంచి పసుపు నీళ్లు కారుతున్నాయి. ఖాళీ చెంబుతో పెదనాయన.

"నీళ్లు పోస్తెనే గద బిడ్డా రంగు తెలుస్తది" అన్నాడు. నా ముఖం చూసి చెంబు వెనక్కి దాచుకున్నాడు.

తిడదామంటే పెద్దవాడు, ఏడుద్దామంటే బస్సుకు టైమైంది. బొమ్మను అట్టమీద పెట్టుకుని అలాగే బస్సెక్కాను. కిటికీ పక్కన ఆరాక చూద్దును కదా, ముందే ఇంకిన నీడలు చెక్కుచెదరలేదు. పైపైన పూసిన పసుపు మాత్రం కొట్టుకుపోయి, నీడల పక్కన తెల్ల కాగితం కళ్లు చికిలించేలా మెరుస్తోంది. బజారంతా ఎండ కాస్తోంది. హమ్మయ్య అని సీట్లో వెనక్కి వాలిపోయాను.

"గింత ఎండ ఎట్ల తెచ్చినవమ్మా?" అని అడిగింది బడి పెద్ద మేడమ్.

"ఎండకు రంగు వెయ్యలే మేడమ్, ఇడిచిపెట్టిన" అన్నాను, పుట్టినప్పటినుంచీ తెలిసినదానిలా. ఉద్యోగం వచ్చింది.

ఇప్పుడు నా దగ్గర పిల్లలు ఎండ కోసం పసుపు డబ్బా మూత తీస్తుంటే ఆ కామెర్ల బజారు గుర్తొచ్చి నవ్వుకుంటాను. ఆ బొమ్మ పెదనాయన దుకాణంలోనే ఉంది. ఎవరైనా మెచ్చుకుంటే చాలు, ఆయన చెయ్యి ఇప్పటికీ చెంబు వైపు పోతుంది. అందుకే అద్దం కట్టించాను.