బాటకు వేసిన గొలుసు

నాన్న పోయాక మా మూడెకరాల చేను నా పేరు మీదికి వచ్చింది. చిలకలూరిపేట హైవే దిగి రెండు కిలోమీటర్లు లోపలికి వెళ్తే వస్తుంది. నేను ఉండేది నల్లపాడులో, అక్కడే బడిలో టీచరు ఉద్యోగం. చేను కౌలుకిచ్చి ఏడాదికి మూడు నాలుగు సార్లు చూసొచ్చేదాన్ని.

మా చేను ఉత్తరపు గట్టు వెంట ఒక బండిబాట ఉంది. మా వెనక రెండెకరాలున్న రైతు తన చేలోకి వెళ్లాలంటే అదొక్కటే దారి. మిగతా వైపులన్నీ ఇతరుల చేలు, వాగు. ఆయన ముస్లిం, నాన్న ఈడువాడు. చిన్నప్పటి నుంచి బాబాయ్ అనే పిలిచేదాన్ని.

నా దిగులు స్టాఫ్‌రూంలో మొదలైంది. సోషల్ మాస్టారు ఒకరోజు అన్నం తింటూ, ఇరవై ఏళ్లు ఒకరి పొలంలోంచి నడిస్తే ఆ దారి నడిచినవాడి హక్కయిపోతుందన్నారు. వాళ్ల బంధువు చేను అమ్మబోతే కొనేవాళ్లు అలాంటి బాట చూసి వెనక్కి తగ్గారట. మామూలుగా ఆ మాట చెప్పి ఆయన పెరుగన్నం కలుపుకున్నారు. నేను మాత్రం సగంలోనే బాక్సు మూత పెట్టేశాను. అవసరం పడితే చేను అమ్ముకోవచ్చన్న ధైర్యం ఒక్కటే నాకున్నది.

ఆ ఆదివారం వెళ్లి చూస్తే బాట మీద కొత్తగా గ్రావెల్ పరిచి ఉంది. టేపుతో కొలిస్తే పద్నాలుగు అడుగులు వచ్చింది. నాన్న ఎప్పుడూ పదడుగులనే అనేవాడు. బాబాయిని అడిగితే, వానకి ట్రాక్టరు దిగబడుతోందని పోయించానమ్మా, అంచులు కాస్త జారి ఉంటాయి అన్నాడు. ఆ జవాబు నాకు సరిపోలేదు. ఈ ఏడు నాలుగడుగులైతే వచ్చే ఏడు ఎంత అని మనసులో ఒకటే గోల.

వారం తిరక్కుండా బాట మొదట్లో రెండు రాతి స్తంభాలు పాతించి, అడ్డంగా గొలుసు వేయించి తాళం పెట్టాను. బాబాయికి ఫోన్ చేసి, నడిచి వెళ్లడానికి అభ్యంతరం లేదనీ, ట్రాక్టరు సంగతి మాత్రం లాయరును అడిగాక చూద్దామనీ చెప్పాను. "మీ ఇష్టం టీచరుగారూ," అన్నాడాయన. అంతకు ముందెప్పుడూ ఆయన నన్ను మీరు అనలేదు.

లాయరు దగ్గరికి వెంటనే వెళ్లలేదు. పేపర్లు దిద్దే పని ఉందని నాకు నేనే చెప్పుకున్నాను. నిజానికి లాయరు ఏం చెబుతాడోనని భయం. బాబాయి కూలీల చేత ఎండుమిరప బస్తాలు నెత్తిన మోయిస్తున్నాడని మా కౌలు రైతు చెప్పినప్పుడు, సరే చూద్దాం అని మాట మార్చాను.

మూడో వారంలో ఒకరోజు, రెండో పీరియడ్ జరుగుతుండగా బాబాయి ఫోన్. పడమట మబ్బు పట్టిందట. కల్లంలో మిరపకాయ ఆరబోసి ఉందట, బస్తాలకెత్తినవి కూడా అక్కడే ఉన్నాయట. ట్రాక్టరు లోపలికి రావాలి, తాళంచెవి కావాలి అన్నాడు.

హెడ్మాస్టరుకు చెప్పి ఆటోలో గుంటూరు బస్టాండుకి, అక్కణ్ణుంచి చిలకలూరిపేట బస్సెక్కాను. తాళంచెవి పిడికిట్లోనే ఉంది. యడ్లపాడు దాటేసరికి అద్దాల మీద చినుకులు మొదలయ్యాయి. పేటలో దిగేసరికి రోడ్డు కనిపించనంత వాన.

చేను దగ్గరికి చేరేసరికి గొలుసు వేసింది వేసినట్టే ఉంది. దాని ఇవతల ట్రాక్టరు తడుస్తోంది. లోపల కల్లంలో బాబాయీ ఆయన భార్యా టార్పాలిన్ పట్టా అంచులు పట్టుకుని నిలబడ్డారు. సగం కాయ పట్టా కింద ఉంది. మిగతా సగం నీళ్లలో నానుతోంది. తడి చేతుల్లోంచి రెండుసార్లు జారాక తాళం తీశాను. ట్రాక్టరు లోపలికి వెళ్లింది. బాబాయి బస్తాలు ఎక్కించడంలో పడ్డాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

"గొలుసు తెంపేయాల్సింది కదా బాబాయ్," అన్నాను.

"తెంపొచ్చు. తెంపితే రేపు స్టేషన్లో దారి సంగతి ఎవరూ అడగరు. తాళం ఎందుకు పగలగొట్టావనే అడుగుతారు. నా పేరు విన్నాక ఇంకో నాలుగు అడుగుతారు."

మర్నాడు ఇద్దరం పేటలో లాయరు దగ్గరికి వెళ్లాం. బాబాయి ప్లాస్టిక్ కవరులోంచి పాత దస్తావేజు తీశాడు. వెనక రెండెకరాలూ ఒకప్పుడు మా తాతవేనట. బాబాయి తండ్రికి అమ్మినప్పుడు ఉత్తరపు గట్టు వెంట బండ్లు పోవడానికి పన్నెండు అడుగుల బాట వదులుతున్నట్టు రాశాడు. పదీ కాదు, పద్నాలుగూ కాదు.

"భూమి మీదేనమ్మా, దారి ఆయనది," అన్నాడు లాయరు. "మీరు మూయకూడదు, ఆయన పెంచకూడదు."

రేపెవరైనా వెనక చేలో గోడౌన్ కట్టి, వ్యవసాయానికి వదిలిన ఈ బాట మీద లారీలు తిప్పితే నేను అడ్డు చెప్పొచ్చట. బాట బాగుచేయించుకోవడం మాత్రం బాబాయి పని. ఈ కాగితం ముందే ఎందుకు చూపించలేదని అడిగితే, మీ నాన్నకు చూపించాల్సిన అవసరం రాలేదు, మీరు అడగలేదు అన్నాడు బాబాయి.

సర్వేయరు పన్నెండు అడుగులకు రాళ్లు పాతాడు. అదనంగా పోసిన గ్రావెల్‌ను బాబాయి గీకించేశాడు. నా స్తంభాలు నేను పీకించాను. లాయరు చెప్పినవన్నీ కాగితం మీద పెట్టి రిజిస్టరు చేయించుకున్నాం.

తడిసిన కాయకు నేనేం చేయగలనని అడిగితే బాబాయి ఏమీ వద్దన్నాడు. ఆయన భార్య మాత్రం ఊరుకోలేదు. "కాయ ఏరడానికి మనుషులు దొరకట్లేదు. ఆదివారం వచ్చి కూర్చోండి," అంది.

రెండు ఆదివారాలు కూర్చున్నాను. మచ్చపడ్డ కాయ ఒక పక్కకి, మంచిది ఒక పక్కకి ఏరుతుంటే చేతులు భగ్గుమనేవి. రెండో వారం ఆవిడ కొబ్బరినూనె సీసా తెచ్చి నా పక్కన పెట్టి, మళ్లీ తన కుప్ప దగ్గరికి వెళ్లి కూర్చుంది.