పై వరుస కొలత

మా బాత్‌రూమ్‌కు టైల్స్ వేసిన మేస్త్రీ చనిపోయాడని మొన్న ఆదివారం పొద్దున టైల్స్ షాపు అతను ఫోన్ చేసి చెప్పాడు. నేను వెంటనే నమ్మలేదు. ఎవరు చెప్పారు, నిన్న బాగానే ఉన్నాడా, ఎట్లా పోయాడు అని అడిగిందే అడిగాను. గుండెనొప్పి అట. ఆటో ఊరు దాటకముందే ప్రాణం పోయిందట. ఎవరేం చెప్పినా ముందు అనుమానించడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆ అలవాటు వల్ల ఆయనకు జరిగిన అన్యాయం మీకు చెప్పుకోవాలనే ఇది రాస్తున్నాను.

పోయినేడు మా అమ్మకు తుంటి విరిగి ఆపరేషన్ అయింది. దవాఖానా నుంచి ఖానాపురం హవేలి అనే పేటలోని మా ఇంటికే తెచ్చుకోవాలనుకున్నాం. పాత బాత్‌రూమ్ ఆమెకు పనికిరాదు. పది రోజుల్లో గోడలకు కప్పుదాకా టైల్స్ పడాలి. షాపు అతను ఈ మేస్త్రీని పంపాడు. పాల్వంచ దాటాక అడవి అంచున ఒక పల్లె ఆయనది. యాభై దాటిన మనిషి, మాట తక్కువ.

వచ్చిన రోజే నాకు అనుమానం మొదలైంది. ఆయన కింది వరుస వదిలేసి, గోడకు చెక్క పట్టీ కొట్టి, దాని మీద రెండో వరుస నుంచి టైల్స్ అతికించడం మొదలుపెట్టాడు. ఇదేంటంటే నేల వంకరగా ఉందన్నాడు. నీళ్లు నింపిన సన్నటి పైపు పట్టుకుని, మట్టం చూస్తూ మూలమూలకూ తిరిగేవాడు. "గోడ మాట ఇనొద్దమ్మా, నీళ్ల మాట ఇనాలె" అనేవాడు. ఆయనకూ దేని మీదా నమ్మకం లేదు. కాకపోతే ఆయన అనుమానమంతా గోడల మీద, నాది మనుషుల మీద. మధ్యాహ్నం అన్నం తిని భార్యతో ఫోన్‌లో కోయ భాషలో మాట్లాడుతుంటే, నా గురించే చెబుతున్నాడని వంటింట్లో నిలబడి చెవులు రిక్కించేదాన్ని. ఒక్క ముక్కా అర్థమయ్యేది కాదు.

ఎనిమిదో రోజుకు కప్పు కింద ఒక్క వరుస మిగిలింది. ఆ వరుసలో ఏ ముక్కకు ఆ ముక్క దాని చోటే కొలిచి, వెనక పెన్సిల్‌తో నంబరు వేసి, ఒక్కొక్కటే కోస్తానన్నాడు. కప్పు సమంగా లేదట. నా కంటికి సమంగానే కనిపించింది. రోజు కూలీ కోసం సాగదీస్తున్నాడని తేల్చేశాను. ఆ సాయంత్రం ఆయన వెళ్లాక స్టూలెక్కి, తలుపు దగ్గర టేపు పెట్టి కొలిచాను. మిగిలిన టైల్స్ అన్నీ ఆటోలో షాపుకు పంపి, అదే కొలతకు కోయించి తెప్పించాను.

పొద్దున ఆ ముక్కలు చూసి ఎవరు కోశారని అడిగాడు. పని జల్దీ అవుతుందని నేనే కోయించానన్నాను. టేపు పక్కన పెట్టి, వాటినే అతికించడం మొదలుపెట్టాడు. తలుపు దగ్గర సరిపోయాయి. కిటికీ వైపు వెళ్లేకొద్దీ పైన సందు పెరిగి, చివరికి రెండు వేళ్లు పట్టేంత అయింది. ఆ రకం టైల్స్ షాపులోనూ అయిపోయాయి. సరిగ్గా అప్పుడే మా ఆయన పక్కింటాయనను వెంటబెట్టుకుని వచ్చారు. తన కొత్త ఇంటి పనంతా ఈ మేస్త్రీకే ఇద్దామని ఆయన చూడ్డానికి వచ్చాడు.

"కొలత కూడా తెల్వకుండ కోసినవేంది?" అన్నారు మా ఆయన.

మేస్త్రీ నావైపు ఒకసారి చూశాడు. నేను తువ్వాలు మడతపెడుతూ నిలబడ్డాను.

"తప్పయింది సార్. సరిచేస్త."

పక్కింటి పని వేరేవాళ్లకు పోయింది. మేస్త్రీ మాత్రం ఆ సందును తెల్ల సిమెంటుతో నింపి, నున్నగా కప్పులో కలిపేశాడు. అమ్మ అనుకున్న రోజుకే ఇంటికొచ్చింది. నాకు ఆయన మౌనం మీద కూడా అనుమానమే. దీన్ని అడ్డం పెట్టుకుని రేపేదో అడుగుతాడని ఎదురుచూశాను. ఏడాదిలో రెండు మూడుసార్లు బజార్లో కలిశాడు. అమ్మ ఎట్లుందని అడిగేవాడు, అంతే. ప్రతిసారీ నిజం చెప్పేద్దామనుకునేదాన్ని. ఇంట్లో మాట పడాల్సి వస్తుందని ఊరుకునేదాన్ని. తలుచుకుంటే సిగ్గుగా ఉంది.

ఆదివారం వాళ్ల పల్లెకు బయలుదేరే ముందు మా ఆయనకు సంగతంతా చెప్పాను. ఆయన లేచి చొక్కా మార్చుకున్నారు. తర్వాత తనూ బస్సెక్కారు. మేస్త్రీ భార్య దగ్గర కూర్చుని, ఆ తప్పు నాదని చెప్పబోయాను.

"నాకు అప్పుడే చెప్పిండమ్మా" అంది ఆమె. "వాళ్లమ్మ ఎట్లుంటదోనని రంది పట్టుకుంది ఆమెకు, కోపం చేయొద్దు అన్నడు."

వాకిట్లో ఆయనతో పనిచేసిన మేస్త్రీలు కూర్చుని ఉన్నారు. మా ఇంట్లో కోత తప్పాడన్న మాట వాళ్లందరి చెవినా పడిందే. లేచి వాళ్ల ముందుకు వెళ్లి, ఆ ముక్కలు కోయించింది నేనని చెప్పాను. వెనక కూర్చున్నవాళ్లకు వినపడలేదు. మళ్లీ చెప్పాను.

వాళ్లలో ముసలాయన అడిగాడు. "ఏ దిక్కు కొలిసినవమ్మా?"

"తలుపు దగ్గర."

"కిటికీ దిక్కు?"

"కొలవలేదు."

ఆయన మిగతావాళ్ల వైపు తిరిగి, అరచేయి గాలిలో పరిచి, కొద్దిగా ఒక పక్కకు ఎత్తి చూపించాడు. "గిట్లుంటది కప్పు. మనోడు తప్పలే."

చేయి కాసేపు అట్లాగే ఉంచాడు. అందరూ దాన్నే చూస్తూ కూర్చున్నారు.