తాత చంకలోని జముకు

మా చిన్నప్పుడు... మలేషియాలోని మా రబ్బరు తోటలో అమ్మవారి పండగ నాడు తాత జముకును చంకలో బిగించి తంతి లాగాడంటే, మా కాళ్ళు నేల మీద నిలిచేవి కావు. చిన్న చెక్క డోలు, దానికి ఒకవైపు మేకతోలు, తోలు నడుమ నుంచి ఒకే ఒక్క తంతి. తాత అమ్మవారి కథ పాడితే, ఆయన కూతురు, మా అత్త, వంత పాడేది.

తాత పోయాక జముకును దేవుడి గూట్లో పెట్టాం. ప్రతి శుక్రవారం పసుపు నీళ్ళు చల్లి, బొట్టు పెట్టి, దండం పెట్టుకునేవాళ్ళం. వాయించాలని ఎవరికీ తోచలేదు... దేవుడైపోయింది కదా!

ఈ ఏడు పండగకి వాయిద్దామని, సుంగై పెటాని పట్నంలో ఫ్యాక్టరీకి వెళ్ళే మా తమ్ముడు దాన్ని కిందికి దించాడు. వేలు తగలగానే తోలు పిగిలిపోయింది. పసుపు నీళ్ళకు కుళ్ళిపోయింది...

"పూజ సేసి సేసి సంపేసినాం లా, అక్కా!" అన్నాడు, మలేషియా అలవాటుగా 'లా' చేర్చి.

ఆ రోజంతా నాకు అన్నం సహించలేదు.

వాడే కొత్త తోలు బిగించి, బ్యాడ్మింటన్ రాకెట్ తంతి కట్టాడు. మీటితే, ఎనభై దాటిన అత్త పకపకా నవ్వింది. "ఏట్రా ఇది? సెవిలో దోమ దూరినట్టుంది! మేక నరం కట్రా."

నరం కట్టాక పాత మోత వచ్చింది. కానీ వాయించేదెవరు? తమ్ముడికి తాళం నిలవదు. అత్తకు చేతుల్లో సత్తువ లేదు. పాట ఆవిడ ఒక్కదానికే వచ్చు... ఈ మధ్య అదీ కొంచెం కొంచెంగా జారిపోతోంది.

"నువ్వు పట్టుకోయే," అంది నాతో.

ఇన్నేళ్ళు దండం పెట్టినదాన్ని చంకలో ఎలా పెట్టుకోను?

"ఓలమ్మో! మా అయ్య దాన్ని సంటిపిల్లలా సంకలోనే పెంచినాడు. నీకేటే బయం?"

అమ్మవారిని తలుచుకుని పట్టుకున్నాను. తంతి లాగగానే మోత పక్కటెముకల్లోకి పాకింది. అత్త గొంతెత్తింది...

అప్పటినుంచి స్థిమితం లేదు. కూర తరుగుతున్నా వేళ్ళు ఆడుతూనే ఉన్నాయి. ఈ శుక్రవారమే పండగ. తను పాట మరిచిపోయినా నేను ఆపకూడదని అత్త మాట... వాయిస్తూ ఉంటే అదే తిరిగి వస్తుందట. నా చెయ్యే ఆగిపోతే?

అప్పట్లో తాతకు ఒక పదం తప్పితే అందించడానికి తోట జనమంతా ఉండేవారు. ఇప్పటి పిల్లలకు తెలుగు వింటే అర్థమవుతుంది, నోటికి రాదు...

మీ ఇళ్ళలో కూడా దండాలు అందుకుంటూ మూగబోయినవి ఏమైనా ఉన్నాయా? చెప్పండి... శుక్రవారం దాకా నాకు కాస్త ధైర్యంగా ఉంటుంది.