మూపురం, ముక్కు

విశాఖ బీచ్‌లో నిలబడి, సముద్రంలోకి పొడుచుకొచ్చిన డాల్ఫిన్ నోస్ కొండను చూసినప్పుడల్లా నాకు చిన్నప్పుడు మేమున్న గని ఊరు బచేలి గుర్తొస్తుంది. అక్కడ మా క్వార్టర్ వెనక కొండ బైలాడిలా. ఎద్దు మూపురంలా ఉంటుందని ఆ పేరు. నాన్న దాన్ని తవ్వే గనిలో పనిచేసేవాడు. తవ్విన ఇనుపరాయి రైలెక్కి విశాఖ వెళ్లేది.

నాకున్న ఒకే ఒక్క స్నేహితుడు, పక్క క్వార్టర్ చంటి. వాళ్ల నాన్నకు బదిలీ అయితే వాడూ విశాఖ వెళ్లిపోయాడు. "అక్కడి కొండను డాల్ఫిన్ ముక్కంటార్రా" అని ఊరించి మరీ వెళ్లాడు. నాకు విషయం అర్థమైపోయింది. ఇక్కడి మూపురంతో అక్కడ ముక్కు కడుతున్నారు. మూపురం అయిపోతే మమ్మల్నీ అక్కడికే పంపేస్తారు.

ఇక ఆడుకోవడానికి ఎవరూ లేని సాయంత్రాలు మెట్ల మీద కూర్చుని, కొండ ఎంత తరిగిందో ఒంటి కన్నుతో కొలిచేవాణ్ని. గని ఇంజనీర్లు కూడా అంత శ్రద్ధ పెట్టి ఉండరు.

ఒకరోజు అన్నం తింటూ అడిగాను. "నాన్నా, కొండ ఎప్పుడైపోద్ది?"

"ఏందిరా, అప్పుడే బెంగా? ఫికర్ పడకు, నీ మనవళ్లక్కూడా మిగుల్తది."

నాకు ధైర్యం చెప్పానన్న తృప్తితో నాన్న మజ్జిగ పోసుకున్నాడు. కొండ తరగడం లేదని ఏడ్చినవాడు బచేలి మొత్తానికి నేనొక్కణ్నే అయ్యుంటాను.