మా తమ్ముడి పిక్కలు

మా ఇంట్లో దిష్టిని ఎవరూ నమ్మేవారు కాదు. మూడు తరాలుగా క్రైస్తవులం. నాన్న పామర్రు దగ్గర ఒక పల్లెటూళ్ళో మిషన్ బడి మేష్టారు. దిష్టి, చేతబడి, శకునాలు అన్నీ అజ్ఞానమని బడిలో పిల్లలకు గంటల కొద్దీ చెప్పేవారు. ఆయన ఇంటికొచ్చేసరికి నాయనమ్మ గుప్పెట్లో ఉప్పూ ఎండుమిరపకాయలూ పట్టుకుని, ప్రభువు పేరు చెప్పుకుంటూ మా తమ్ముడి చుట్టూ మూడుసార్లు తిప్పి పొయ్యిలో పడేస్తూ ఉండేది. ఘాటు వస్తే దిష్టి పోయినట్టు, రాకపోతే దిష్టి గట్టిగా తగిలినట్టు. ఎటొచ్చినా నాయనమ్మదే గెలుపు. ఆ కాసేపూ నాన్న వీధి అరుగు మీదికి వెళ్ళి ఇంటి ముందు కాలవలో నీళ్ళు కొత్తగా చూస్తున్నట్టు నిలబడేవారు. తను చూడని పాపం తన ఖాతాలో పడదని ఆయన ధీమా కాబోలు.

ఇది యాభైల చివరి మాట. నాకు పదేళ్ళు, తమ్ముడికి ఆరు దాటాయి. వాడికి నడక ఆలస్యంగా వచ్చింది. పరుగు అసలు రాలేదు. కానీ పిక్కలు మాత్రం, ఎవరొచ్చినా ముందు వాటినే చూసేవారు. పదేళ్ళ మగపిల్లలకు కూడా అంత లావు పిక్కలు ఉండేవి కావు. "వీడు వస్తాదు అవుతాడండీ మేష్టారూ" అనేవాళ్ళు. నాన్న మొహం వెలిగిపోయేది. నేనైతే ఊరంతా చాటింపు వేశాను. కొట్లో బెల్లం పొట్లానికి కట్టిచ్చిన పురికొస దాచి, దాంతో నెలకోసారి వాడి పిక్క కొలిచి, కొలత దగ్గర ముడి వేసేదాన్ని. ముడి ముందుకు జరిగినప్పుడల్లా క్లాసులో సగం మందిని ఇంటికి తీసుకొచ్చి చూపించేదాన్ని. వాడు నిక్కరు పైకి లాక్కుని, ఒక కాలు ముందుకు పెట్టి, మహారాజులా నిలబడేవాడు.

ఆ తర్వాత వాడు పడిపోవడం మొదలైంది. చదును నేల మీద, కారణం లేకుండా, ఊరికే పడిపోయేవాడు. లేవాలంటే ముందు నేల మీద చేతులు ఆనించి, తర్వాత మోకాళ్ళ మీద, తర్వాత తొడల మీద వేసుకుంటూ, తన ఒంటిని తనే ఎక్కుతున్నట్టు లేచేవాడు. దానికి ఊళ్ళో తలా ఒక వైద్యం చెప్పారు. గారాబం ఎక్కువైందన్నారొకరు. గుడ్డు పెట్టమన్నారొకరు. రెండు తగిలిస్తే వాడే పరిగెడతాడని చర్చి సంఘం పెద్ద ఒకాయన సెలవిచ్చాడు. ఆయన పీట మీంచి లేవాలంటే ఇద్దరు సాయం పట్టాలి.

అమ్మా నాన్నా వాణ్ణి బస్సులో బందరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. సాయంత్రం టానిక్కు సీసాతో తిరిగొచ్చారు. "నరాల బలహీనత. బలానికి ఇచ్చారు" అని నాన్న అందరికీ చెప్పారు. అమ్మ సీసా తీసుకెళ్ళి గూట్లో పెట్టింది. నాతో ఎవరూ మాట్లాడలేదు. నా తల మీదుగా మాట్లాడుకున్నారు. నేను వచ్చినప్పుడు ఆపారు, వెళ్ళాక మళ్ళీ మొదలుపెట్టారు. పిల్లలకు చెవులుండవని పెద్దవాళ్ళ నమ్మకం. దిష్టి సంగతేమో గానీ, దీన్ని మాత్రం మా ఇంట్లో మనస్ఫూర్తిగా నమ్మేవారు.

చివరికి నాతో మాట్లాడింది నాయనమ్మ. పెరట్లో నాకు తల దువ్వుతూ చెప్పింది.

"నరుడి కంటికి నాపరాళ్ళే పగుల్తాయంటారు. పసోడి కాళ్ళెంత? ఊరోళ్ళ దిష్టి తీస్తే పోద్ది. ఇంట్లోవాళ్ళ కన్ను పోదే. తాడుతో కొలిచి కొలిచి నీ కన్నే కొట్టింది వాణ్ణి. మీ అమ్మతో అనబాక, ఏడుస్తది."

జడ గట్టిగా బిగించి కట్టింది. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. ఆ పని సమాధి దగ్గర ప్రసంగంలోనే పూర్తయింది కాబట్టి నాకు మిగల్లేదు.

నేను నమ్మాను. పదేళ్ళ పిల్ల నమ్మక ఏం చేస్తుంది? నా కన్ను పడితే వాడికి చేటయితే, నా కన్ను వాడి మీద పడకూడదు. అంతే. ఆ రోజు నుంచి తమ్ముణ్ణి చూడడం మానేశాను. అన్నం పెట్టేటప్పుడు కంచం వంకే చూసేదాన్ని. వాడు పిలిస్తే గోడ వైపు తిరిగి పలికేదాన్ని. వాడి పక్కన పడుకునేదాన్ని, వాడి వైపు వీపు పెట్టుకుని. పురికొస చూరులో దోపేశాను. "అక్కా, కొలవవా?" అని వాడు రెండు మూడుసార్లు అడిగాడు. తర్వాత అడగలేదు. వాడికి నేనంటే ప్రాణం. నాకూ వాడంటే ప్రాణమే. కాబట్టే చూడలేదు. మా ఇంట్లో అంతమంది జ్ఞానులున్నారు, ఈ పిల్ల తమ్ముడి మొహం ఎందుకు చూడదని ఒక్కరికీ తట్టలేదు. అక్కాతమ్ముళ్ళ గొడవలే అనుకున్నారు.

బడికి కాలవ గట్టు మీద వెళ్ళాలి. నేను ముందు నడిచేదాన్ని, వాడు వెనకాల. ఒకరోజు వెనక దభీమని చప్పుడైంది. "అక్కా" అన్నాడు. నేను నిలబడిపోయాను. తిరగలేదు. "అక్కా, లేవలేకపోతున్నా" అన్నాడు. నేను కళ్ళు మూసుకుని, వెనక్కి వెనక్కి అడుగులేస్తూ, చేతులతో తడుముతూ వాడి కోసం వెతికాను. దొరకలేదు. వాడు ఏడుపు మానేసి చూస్తూ ఉండిపోయాడేమో, చప్పుడు లేదు. ఇంతలో సైకిలు మీద వస్తున్న రైతొకాయన దిగి, వాణ్ణి ఎత్తుకుని ఇంటికి తీసుకెళ్ళి అమ్మకి అప్పజెప్పాడు. "ఏం పిల్లండీ, తమ్ముడు పడిపోతే తిరిగి చూళ్ళేదు" అని మాత్రం చెప్పాడు. ఊరంతా చెప్పే ఉంటాడు.

అమ్మ పెరట్లో కొర్రమేనుకి బూడిద రాసి రాతి మీద తోముతోంది. నన్ను తిట్టలేదు. "ఎందుకు చూడలేదే?" అని అడిగింది. చెప్పేశాను. నాయనమ్మ మాట, దువ్వెన, తాడు, అన్నీ చెప్పాను. అమ్మ చేతిలో చేప ఆగిపోయింది.

"నీ కళ్ళలో ఏమీ లేదే" అంది. "నా రక్తంలో ఉంది. మా తమ్ముడొకడు చిన్నప్పుడే పోయాడని నీకు తెలుసుగా?"

"తాటిచెట్టు మీంచి పడ్డాడన్నావు."

"మా అవనిగడ్డలో అందరూ అదే చెప్పారు. తాటిచెట్టెక్కడానికి వాడికి కాళ్ళెక్కడివి? పదేళ్ళకే మంచంలో పడ్డాడు. నేనే ఎత్తి కూచోబెట్టేదాన్ని. వాడి పిక్కలూ ఇలాగే ఉండేవి. బందర్లో డాక్టరు గారు అడిగారు, మీ పుట్టింట్లో ఎవరికన్నా ఉందా అని. ఉందని చెప్పా. తల్లి నుంచి మగపిల్లలకి వస్తదంట. ఆ పిక్కల్లో ఉంది కండ కాదంట, కొవ్వంట."

"టానిక్కు తాగితే తగ్గదా?"

"తగ్గదు."

"చచ్చిపోతాడా?"

అమ్మ నా మొహంలోకి చూసింది. "పోతాడు. ఇప్పుడు కాదు. మీ మావయ్య పదహారేళ్ళు వచ్చేదాకా ఉన్నాడు."

"నాకూ వస్తుందా?"

"నీకు రాదు. నీకు కొడుకు పుడితే వాడికి రావచ్చు, రాకపోవచ్చు. తెలీదు. నాకే ఎవరూ చెప్పలా. నీకు చెబుతున్నా."

మా ఇంట్లో నాతో ఎవరైనా నిజం మాట్లాడడం అదే మొదలు. భయం వేసింది. కానీ ఆ భయం కింద, సిగ్గు లేకుండా, నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. నేను కాదు. నా కన్ను కాదు. ఆ సంతోషానికి ఇప్పటికీ నన్ను నేను క్షమించుకోలేదు.

నాయనమ్మ తలుపు చాటునుంచి అంతా వింది. ఆ రాత్రి మా ఇంట్లో ప్రార్థన జరగలేదు, పంచాయితీ జరిగింది. అమ్మ పుట్టింటి దివిసీమ వాళ్ళు రోగం దాచి పిల్లనిచ్చి మోసం చేశారని నాయనమ్మ గుండెలు బాదుకుంది. అప్పటిదాకా నా కంట్లో ఉన్న దోషం క్షణంలో కృష్ణ దాటి అవనిగడ్డ వెళ్ళిపోయింది. నాన్న, అన్నీ తెలిసి టానిక్కు కథ చెప్పిన నాన్న, అమ్మనే తప్పుబట్టారు.

"చిన్నపిల్లకి ఇవన్నీ చెప్పాలా?"

"అబద్ధం చెప్పేటప్పుడు చిన్నపిల్ల అని గుర్తు రాలేదాండీ ఎవరికీ?" అంది అమ్మ. ఆయన మామూలుగానే అరుగు మీదికి వెళ్ళారు.

మర్నాడు పొద్దున్నే పక్కలో తమ్ముడి వైపు తిరిగి వాడి మొహంలోకి చూశాను. ఎన్ని నెలలయిందో. ముందు పన్ను ఊడి కొత్తది సగం వచ్చేసింది. నేను చూడకుండానే.

"నా మీద కోపం పోయిందా?" అన్నాడు.

"నాకు కోపమెందుకురా?"

"పడిపోతున్నానని."

వాణ్ణి గట్టిగా పట్టుకుని ఏడ్చాను. వాడు కాసేపు ఓపిక పట్టి, నిక్కరు పైకి లాక్కుని, కాలు చాపి, "అయితే కొలువు" అన్నాడు. చూరులోంచి పురికొస తీసి కొలిచాను. కొలత పాత ముడి దాటి వేలి మందం ముందుకు వచ్చింది. అది ఏమిటో నాకిప్పుడు తెలుసు.

"పెరిగిందా?" అన్నాడు, మొహం ఇంత చేసుకుని.

అబద్ధాలాడిన పెద్దవాళ్ళందర్నీ ఇంత సేపటి నుంచీ దులిపేశాను కదా. ఇక నా వంతు.

"పెరిగిందిరా" అన్నాను. కొత్త ముడి వేశాను.