పాట ఆపి వినమన్న అత్త

మా ఎదురింటి అత్త పోయింది. మా ఊరు జహీరాబాద్ నుంచి ఆమె కొడుకు ఫోన్ చేసి, "అక్కా, అమ్మ పోయింది" అని ఒక్క మాట చెప్పి పెట్టేశాడు. పదకొండో దినం నాడు భోజనాలయ్యాక వాకిట్లో చుట్టాలు నలుగురు కూర్చుని ఆమెను తలుచుకుంటుంటే, అందులో ఒకాయన, "మంచిదే గని మొండిది. జర ఒంగి ఉంటె ఎంత సంపాయిస్తుండె!" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. అవునయ్యా, మొండిదే. ఆ మొండితనం ఎలాంటిదో మీకు చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ఆమె మాకు చుట్టమేమీ కాదు. ఎదురిల్లు కాబట్టి అత్త. వాళ్లాయన బొంబాయి రోడ్డు మీద లారీ నడిపేవాడు. డెబ్బైల్లో ఎప్పుడో అతను తెచ్చిన పాడైపోయిన రేడియోను అత్త విప్పి, మూడుసార్లు షాకు కొట్టించుకుని, నాలుగోసారి పలికించింది. ఎనభైలు వచ్చేసరికి వీధి వైపు గదిలో కూర్చుని ఇళ్లలో పాటలు వినే ఆంప్లిఫయర్లు తయారు చేసేది. సామాన్లు వాళ్లాయన బొంబాయి నుంచి సీటు కింద తువ్వాలలో చుట్టి తెచ్చేవాడు. ఒక్కో తీగ అతికాక "ఊఁ" అని తనకు తానే చెప్పుకునేది. స్పీకరుకు చెవి ఆనించిందంటే ఇంట్లో ఎవరూ దగ్గడానికి కూడా వీల్లేదు.

బజారులో ఇంకో మిస్త్రీ ఉండేవాడు. పెళ్లిళ్లకు, జాతరలకు మైకు సెట్లు చేసేవాడు. పనిమంతుడే, కాదనను. కానీ ఆ మైకు సర్క్యూటునే చెక్కపెట్టెలో బిగించి ఇళ్లకూ అమ్మేవాడు. మైకు నుంచి వచ్చేది చాలా కొంచెం, దాన్ని ఎన్నో రెట్లు పెంచాలి. క్యాసెట్లు పాడించే టేప్ డెక్ అలా కాదు, దానికదే అర వోల్టు ఇస్తుంది. దానికీ అంతే గెయిన్ పెడితే, అంటే అన్ని రెట్లూ పెంచితే, శబ్దం పెంచే నాబ్ రవ్వంత తిప్పగానే ఇల్లు దద్దరిల్లుతుంది. మా ఊళ్లో దాన్నే బలమనుకునేవారు! కొనడానికి వచ్చినవాళ్లు నాబ్ రవ్వంత కదిలించి, మోగితే "దమ్మున్నది" అనేవారు, మోగకపోతే లేచి వెళ్లిపోయేవారు.

అత్త అలా చేసేది కాదు. టేపు ఇచ్చేదెంతో మీటరు పెట్టి కొలిచి, ఆ అర వోల్టు పూర్తిగా అందినప్పుడే ఆంప్లిఫయర్ తన పూర్తి శక్తితో పాడేలా అమర్చేది. "ముందుగాల వచ్చేదెంతనో చూడాలె బిడ్డా, తర్వాత పెంచాలె. చూడకుంట పెంచుడేంది?" అనేది. దాంతో ఒకసారి ఆరు నెలల పాటు ఒక్కటీ అమ్ముడుపోలేదు.

ఇంటి పెత్తనం ఆమె బావగారిది, అంటే భర్త అన్నగారిది. ఆ గదిలో ఎరువుల బస్తాలు వేసుకోవాలని ఆయనకు ఎప్పటినుంచో ఉంది. ఒకరోజు గడపలో నిలబడి నా ముందే తేల్చేశాడు. "కోహీర్ పటేల్ ఐతారం నీ పెట్టె చూడనీకి వస్తున్నడు. ఆయన తీస్కుంటె సరే. తీస్కోకుంటె గది ఖాళీ చెయ్యాలె. ఆడోల్లకు ఈ తీగల పని ఎందుకు?"

అత్త తల ఎత్తలేదు. "సరే బావా" అంది.

శనివారం నేను చేసిన ఘనకార్యం కూడా చెప్పుకోవాలి. అప్పటికి బళ్లో టీచరుగా చేరి ఏడాదైంది, అన్నీ తెలుసుననే పొగరు. వెళ్లి బతిమాలాను. "అత్తా, ఒక్క రెసిస్టర్ మారిస్తె నీది గూడ రవ్వంత తిప్పంగనె మోగుతది గద! అయిదు నిమిషాల పని. ఈ ఒక్కటి అమ్ముడుపోనియ్యి. గది నిలుస్తది."

ఆమె చేతిలో పని ఆపి నన్ను చూసింది. "నీ బడి పిల్లలు అడిగినన్ని మార్కులు ఏస్తవా నువ్వు?" అంది. వచ్చిన దారినే ఇంటికి వచ్చేశాను.

ఆదివారం పటేల్ తన భార్యను వెంటబెట్టుకుని జీపులో వచ్చాడు. దుబాయి నుంచి తెప్పించిన టేప్ డెక్, పోల్చి చూడటానికి మిస్త్రీ చేసిన పెట్టె రెండూ తెచ్చాడు. ముందు మిస్త్రీది పెట్టి నాబ్ రవ్వంత కదిలించాడు. గోడ మీది పటాలు అదిరాయి. "గిదీ దమ్మంటె!" అన్నాడు. అత్తది అంతే తిప్పితే మెల్లగా పాడింది.

"ఏందమ్మా, మీది ఇయ్యాల ఉపాసమున్నదా?" అన్నాడు పటేల్. బావగారు పగలబడి నవ్వాడు.

"రెండూ మొత్తం తిప్పుండ్రి పటేలా" అంది అత్త.

మిస్త్రీది మూడో వంతు దాటేసరికి పాట గరగరమని చిరిగిపోయింది. అక్కడి నుంచి ఎంత తిప్పినా ఆ గరగరే పెరిగింది తప్ప గొంతు వినబడలేదు. అత్తది చివరిదాకా తిప్పితే వీధిలో పోయేవాళ్లు ఆగి చూశారు, గొంతు మాత్రం గొంతులాగే ఉంది. అప్పుడామె నాబ్‌లు రెండూ వెనక్కి తిప్పి టేపు ఆపేసింది.

"ఇప్పుడు వినుండ్రి."

"ఏం వినాలె? పాటే లేకపాయె!"

"గదే వినుండ్రి."

మిస్త్రీ పెట్టె లోంచి రేకుల మీద సన్నవాన పడుతున్నట్టు ఒకటే సుయ్ సుయ్, అక్కరకు మించి పెట్టిన గెయిన్ లోపలి చప్పుడునూ పెంచుతోంది. అత్త పెట్టె లోంచి ఏమీ లేదు. గెలిచేశామనుకున్నాను.

"పాట బందైనంక వినెటందుకు ఎవ్వడు కొంటడమ్మా?" అని పటేల్ మిస్త్రీ పెట్టెనే జీపు ఎక్కించాడు. ఆయన భార్య మాత్రం వెళ్లబోతూ వంగి అత్త స్పీకరుకు ఒకసారి చెవి ఆనించింది.

"రేపు పొద్దుగాల బస్తాలొస్తయి" అన్నాడు బావగారు.

అత్త సామానంతా గంపలో సర్దుతుంటే నాకు ఏడుపు ఆగలేదు. ఆమెకు కోపమొచ్చింది.

"ఏడుస్తవెందుకు? నేనేమన్న తప్పు చేసిన్నా?"

"గది పాయె గద అత్తా!"

"గది పోతె వంటింట్ల చేస్త."

అన్నట్టే చేసింది. మర్నాటి నుంచి ఒక పక్క పప్పు ఉడుకుతుంటే ఇంకో పక్క రాగి తీగలు. పొగకు కళ్లు మండుతున్నా ఆ రెసిస్టర్ మార్చలేదు. ఆ రోజుల్లో ఆమెను చూస్తే నాకు గర్వంగా ఉండేది, నా సలహా గుర్తొస్తే సిగ్గుగానూ ఉండేది.

నెలన్నర తర్వాత పటేల్ భార్య ఒక్కతే వచ్చింది. వంటింటి గడపలోనే కూర్చుంది. "ఆయన గంటసేపు పాటలు విని పొలం పోతడు. బందు చెయ్యడు, నన్ను ముట్టనియ్యడు. దినమంత ఆ సుయ్ సుయ్ నా చెవులల్లనే. తల పగిలిపోతున్నదక్కా. నాకు మీదే కావాలె" అంది. తర్వాత వాకిట్లో ఉన్న బావగారి వైపు తిరిగి, "ఇంత మంచి పని చేసే మనిషిని పొయ్యి పక్కన కూసోబెట్టిన్రు ఎందుకు?" అని అడిగింది. పటేల్ ఇంటి మనిషి మాట తీసెయ్యడం బావగారి వల్ల కాదు. సాయంత్రానికి బస్తాలు పశువుల కొట్టంలోకి నడిచాయి.

ఆ తర్వాత కోహీర్, చిరాగ్‌పల్లి, మొగుడంపల్లి నుంచి మనుషులు వచ్చారు. ఎక్కువగా ఆడవాళ్లే, పగలంతా ఇంట్లో ఉండి వినేవాళ్లు. మిస్త్రీకి వచ్చినన్ని బేరాలు అత్తకు ఎన్నడూ రాలేదు. రాకపోతే రాకపోయాయి. ఆమెకు లేని బాధ మీకెందుకు?

ఈ మాటే పదకొండో దినం నాడు వాకిట్లో ఆమెను మొండిదన్న ఆయనతో అందామని లేచాను. అనలేదు. అత్త గదిలోకి వెళ్లి, బల్ల మీదున్న ఆమె పెట్టె స్విచ్ వేశాను. ఎర్ర దీపం వెలిగింది. టేపు పెట్టలేదు. నాబ్ చివరిదాకా తిప్పి ఆయన్ను లోపలికి పిలిచాను.

"జర చెవి పెట్టి వినుండ్రి."

ఆయన వంగి స్పీకరుకు చెవి ఆనించాడు. "ఏం వినాలె? ఏం వస్తలేదు గద" అన్నాడు.

"గదే వినుండ్రి" అన్నాను.

ఆయన చెవి తియ్యకుండానే, వాకిట్లో మాట్లాడుతున్నవాళ్లను ఆగమని చెయ్యెత్తాడు.