సారు లెక్కపెట్టలేని బాతులు

ఆ రోజుల్లో నా మాటల్లో సగం తీసేసి, మిగిలినదాన్ని మళ్లీ సగం చేసుకుని నమ్మేవాళ్లు మా వాళ్లు. మీరూ అట్లాగే చదవండి, నేనేమీ అనుకోను. పిడికెడు చెబుదామని మొదలుపెడితే బుట్టెడు జారిపోయే నోరు నాది.

తొర్రూరులో పెళ్లిచూపులయ్యాయి. అమ్మాయి నచ్చి నాకు మూడు రోజులు అన్నం దిగలేదు (సరే, ఒక పూట). వాళ్ల నాన్న సైన్సు సారు. పక్షుల పిచ్చి. మెడలో దుర్భిణి లేనిదే కూరగాయలకు కూడా కదలరట. ఆయన మెప్పు కోసం, "మా నర్మెట్ట చెరువుల రెండు వేల అడవి బాతులున్నయి సార్, హిమాలయాలు దాటొచ్చినయ్, తల మీద రెండు నల్లగీతలుంటయ్" అనేశాను. సారు కళ్లద్దాల పైనుంచి చూసి, "గీతల మాట నిజమే. రెండు వేల మాట గూడ నిజమైతే పిల్లనిస్త. ఆదివారం చూపియ్యి. మోదుగులు పూసినయ్, ఇగ అవి ఆగయ్, ఉత్తరానికి మర్లిపోతయ్" అన్నారు.

శనివారం పోయి చూస్తే చెరువులో రెండు బర్రెలున్నాయి, బాతు ఒక్కటీ లేదు. మా బాపుకు అన్న, మా పెద్దబాపు, మోపెడ్ తీశారు. "గంత నోరెందుకురా నీకు? రెండు వందలంటె పిల్లనియ్యకపోవునా?" అని తిడుతూనే పదిహేడు చెరువులు తిప్పారు (మీ లెక్కలో నాలుగు). పొద్దు వాలేవేళకు, బచ్చన్నపేట దిక్కు ఒక కుంట పక్కన, పచ్చి వరిలో మేస్తూ కనిపించాయి. బూడిదరంగు ఒళ్లు, తెల్లటి తలలు, రెండేసి నల్లగీతలు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. డబ్బా కొడుతూ వాటిని తరుముతున్న రైతు ఆగి, "ఏందిరా పోరడా, నీ చుట్టాలా అవి?" అన్నాడు.

"రేపు పొద్దుగాల దాంక ఎల్లగొట్టకే కాకా, నా పెండ్లి ఆగిపోతది!"

"గప్పటిదాంక నా వరి ఉండాలె గదరా!" అన్నాడు గానీ, డబ్బా కింద పెట్టాడు.

తెల్లారి సారు వస్తే, బాతులు మేతకు ఇటొచ్చాయని చెప్పి ఆ కుంటకే తీసుకెళ్లాం. చెప్పులు చేత పట్టుకుని, నడుం వంచి, కుంట కట్ట ఎక్కారు. దుర్భిణి కళ్లకు పెట్టుకునేలోపే కట్ట వెనక నాలుగు డప్పులు ఒక్కసారిగా మోగాయి. పిల్లనిచ్చే సారుకు స్వాగతమట! బాతులన్నీ లేచాయి. సూర్యుడు కనబడలేదంటే నమ్మండి. మా నెత్తుల మీదుగా బారులు బారులుగా, కేకలు పెట్టుకుంటూ ఉత్తరానికి వెళ్లిపోయాయి.

"ఎవరు పిలిచిన్రు వీళ్లను?" సారు మా వైపు తిరిగారు.

పెద్దబాపు ఒకసారి నా మొహం చూసి ముందుకొచ్చారు. "నేనే సారూ. మర్యాద చేద్దామనుకున్న. పోరన్ని ఏమనకుండ్రి."

సారు దుర్భిణి ఎత్తి ఉత్తరం దిక్కు చూశారు. "లెక్కపెట్టనియ్యకపోతిరి గదయ్యా" అని నిట్టూర్చారు. "లెక్కపెట్టకుంట రెండు వేలు లేవని నేనెట్ల అంట? ఇగ ముహూర్తం చూసుకోండ్రి."

ఇప్పుడు నా తల ఆ బాతుల తల రంగుకు వచ్చింది. మోదుగులు పూసినప్పుడల్లా మా ఆవిడ, "మీ పెద్దబాపు జర ఆగుంటే మా నాయిన బాతులను కండ్లార చూసేటోడు" అంటుంది. నేను తలూపుతాను. బాతులు నూట ఇరవైకి మించి లేవు; రెండు వేలన్నది మా ఇంట్లో అందరికీ తెలిసిన అబద్ధమే. తెలియనిది ఒకటుంది. డప్పులవాళ్లను పిలిచింది పెద్దబాపు కాదు. మామగారి ముందు గొప్పగా ఉంటుందని, ముందురోజు రాత్రి వెళ్లి చెప్పొచ్చింది నేనే. పెద్దాయన ఆ తప్పు నెత్తిన పెట్టుకుని, పోయేదాకా నన్ను ఒక్క మాట అడగలేదు.

ఇది అచ్చయిన రోజు మా ఆవిడ నా కోసం వెతికితే ఆ కుంట కట్ట మీద ఉంటానని చెప్పండి. రెండు వేల బాతుల మధ్య.